అల్లుడి నిమ్మకాయలు

ఆ ఎండాకాలమంతా మా ఆయనా మా తమ్ముడూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవాల్సినవి మాత్రం బోలెడు ఉండేవి. అవన్నీ నేనే మోశాను, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. మా ఇంటికీ తల్లిగారింటికీ నడుమ ఉన్నది ఒక్క మట్టిగోడే కాబట్టి సరిపోయింది గానీ, లేకుంటే నా చెప్పులు అరిగిపోయేవి.

మా ఆయన మొగులప్ప నారాయణఖేడ్‌లో సర్కారు బస్సు డ్రైవరు. కంగ్టి మీదుగా కర్ణాటక సరిహద్దు దాకా పోయే నైట్‌హాల్ట్ బండి ఆయనది. సాయంత్రం బయల్దేరి, రాత్రికి ఆ చివరి ఊళ్లోనే బండి నిలిపి పడుకుని, తెల్లారగానే జనాన్ని ఎక్కించుకుని వెనక్కి వస్తాడు. డ్రైవరుకూ కండక్టరుకూ ఆ ఊరివాళ్లు ఇంటికొక వంతు వేసుకుని అన్నం పెట్టేవారు. పొద్దున ఆయన ఇంటికొస్తే సంచీలో ఏదో ఒకటి ఉండేది. ఒకనాడు పుంటికూర, ఒకనాడు జొన్నరొట్టెలు, పంట చేతికొచ్చినప్పుడు పెసర్లు. "నీకు తల్లిగారిల్లు ఒక్కటేనే. నాకు కంగ్టి తొవ్వ పొడుగూతా అత్తగారిండ్లే" అని నన్ను ఉడికించేవాడు. ఆ బండంటే ఆయనకు ప్రాణం. నాకూ ఇష్టమే. వారంలో సగం రాత్రులు మొగుడి గురక వినకుండా హాయిగా నిద్రపోయే ఆడది మా గల్లీలో నేనొక్కదాన్నే.

మా తమ్ముడు చంద్రప్పకు సిర్గాపూర్ దగ్గర మా తాతల నాటి చెలక ఉండేది. కందులు వేస్తే వాన రాదు, వాన వస్తే కందులు ఉండవు. "ఎంతకాలమని మొగులు దిక్కు సూస్కుంట కూసోవాలె అక్కా" అని ఆ చెలక అమ్మి, ఉన్నదంతా ఊడ్చి, ఒక బస్సు కొన్నాడు. ఎందుకంటే ఆ ఏడు పట్నంలోని పెద్దాఫీసు వాళ్లు ఒక కొత్త ఆలోచన చేశారు. పెద్ద ఊళ్ల మధ్య తిరిగే బస్సులు తామే నడుపుకుంటారట. పల్లెల తొవ్వలు మాత్రం అద్దె బస్సులకు ఇచ్చేస్తారట. బస్సు బయటివాళ్లది, డ్రైవరు ఆ బస్సు యజమాని పెట్టుకున్న మనిషి, టికెట్లు కొట్టే కండక్టరు ఒక్కడే డిపో మనిషి.

అంతవరకు బాగానే ఉంది. చంద్రప్ప బస్సుకు ఏ తొవ్వ దొరికిందయ్యా అంటే, కంగ్టి నైట్‌హాల్ట్.

ఆ కబురు తెలిసిన నాడు మా ఆయన ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోలేదు. వాకిట్లో నిలబడి, గోడ అవతలికి వినబడేటట్టు నాతో అన్నాడు.

"ఏమే, మీ తమ్మునికి చెప్పు. బావ బండి గుంజుకున్నందుకు ముబారక్ అని చెప్పు."

గోడ అవతల చంద్రప్ప పళ్లు తోముకుంటున్నాడు. పుక్కిలించి ఉమ్మి, వాడూ నాతోనే అన్నాడు.

"అక్కా, బావకు చెప్పు. నేను గా తొవ్వ అడగలే. ఆల్లే ఇచ్చిండ్రు."

"ఇస్తే తీసుకుంటడా అని అడుగు."

"తీసుకోకుంటే బస్సుల బర్లను కట్టెయ్యాల్నా అని అడుగక్కా."

ఇద్దరి మాటలూ ఇద్దరికీ వినబడుతూనే ఉన్నాయి. అయినా నేను ఒక్కొక్క మాటా మళ్లీ చెప్పేదాకా జవాబు రాదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది నా పని. మా ఆయన కోపానికి అర్థం ఉంది. పల్లె తొవ్వలన్నీ పోతే ఇక్కడ డ్రైవర్లు ఎక్కువైపోతారు. ఎక్కువైనవాళ్లను పట్నం డిపోలకు తోలుతారని అప్పటికే చెప్పేశారు. అంటే మేము పిల్లల్ని తీసుకుని పట్నంలో ఏ ఇరుకు గల్లీలోనో పడాలి. తమ్ముడి తప్పూ లేదు. వాడి చెలక పోయింది, చేతిలో ఉన్నది బస్సొక్కటే. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఇద్దరి మీదా జాలి కూడా వేసింది. ఏది ఎప్పుడు వస్తుందో తెలియక, ఆ నాలుగు రోజులూ కూరల్లో ఉప్పు ఎక్కువో తక్కువో అయ్యేది.

ఎండలు ముదిరే వేళకు డ్రైవర్లూ కండక్టర్లూ సమ్మెకు దిగారు. డిపో గేటు ముందు టెంటు వేశారు. యూనియన్ పెద్ద మత్తయి. మా ఆయన బండికి కండక్టరు ఆయనే. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేదీ ఆయనే కాబట్టి నినాదాలు రాగం తప్పకుండా వచ్చేవి. అద్దె బస్సులొచ్చినా కండక్టర్ల ఉద్యోగాలకు ఢోకా లేదు. అందుకని ఎవరో ఆయన్ను ఎత్తిపొడిచారు.

"నీకేం పాయె మత్తయన్నా? అద్దె బండ్ల సుత టికెట్ కొట్టేది నువ్వే."

"రెండెడ్ల బండిల ఒక ఎద్దును అమ్మి, రెండో ఎద్దును సంబురపడుమంటవారా?" అన్నాడు మత్తయి. మా ఆయన ఆ మాట ఇంటికొచ్చి నాకు రెండుసార్లు చెప్పాడు.

సమ్మె మొదలైన మూడో నాలుగో రోజున తమ్ముడి బస్సు వచ్చింది. పట్నంలో బాడీ కట్టించుకుని, ఎర్రరంగు పూసుకుని, పెళ్లికూతురిలా నిగనిగలాడుతూ వచ్చి మా రెండిళ్ల ముందు ఖాళీ జాగాలో ఆగింది. తోలుకొచ్చినవాడు ఎల్లప్ప. కంగ్టి అవతలి ఊరివాడు, నలభై ఏళ్ల మనిషి, ఏళ్ల తరబడి లారీలు తోలినవాడు. సగం తెలుగు, సగం కన్నడం. గల్లీలోని పిల్లలందరూ బస్సెక్కి, దిగి, మళ్లీ ఎక్కారు. చంద్రప్ప ఛాతీ రెండు జానలు పెరిగింది.

"అమ్మా, హారతి పళ్లెం తే. డిపో మనేజరు రేపే బండి పెట్టుమన్నడు. సమ్మెల బండ్లు లేక జనం పరేషాన్ అయితున్నరట."

మా అమ్మ రామవ్వ పళ్లెం తేలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, బస్సును ముందు నుంచి వెనక దాకా చూసి, ఎల్లప్ప ముందు చెయ్యి చాపింది.

"తాళంచెవి ఎట్లుంటది నాయనా? ఇటియ్యి, సూస్త."

ఎల్లప్ప ఇచ్చాడు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొంగున కట్టి ముడేసి, ముడి మీద ఇంకో ముడేసి బొడ్లో దోపుకుంది.

"ఇంటల్లుడు స్టీరింగు వట్టి నిమ్మకాయలు తొక్కియ్యాలె. అటెన్క ఎవలన్న తోలుండ్రి. గప్పటిదాంక బండి గీ జాగ దాటది."

చంద్రప్ప నోరు తెరిచాడు. "అమ్మా, పట్నం నుంచి ఎల్లప్పే తోల్కొచ్చిండు గదనే!"

"గది ఇంటికి వచ్చుడు. ఇంట్లకెల్లి బయటికి పోవుడు వేరే."

"గిదేం ఆచారమే? ఎన్నడు లేదు గద?"

"నీకేం ఎరుక? రేడియో కొన్ననాడు తొలుత చెవి తిప్పింది ఎవలు? మీ బావ. కుట్టు మిషన్ తెచ్చిన్నాడు తొలుత తొక్కింది ఎవలు? మీ బావ. మన ఇంట్ల ఏ చక్రం తిరిగినా అల్లుని చెయ్యి పడాలె. లేకుంటే అరిష్టం."

గోడ మీంచి చూస్తున్న మా ఆయన నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నేనెప్పుడు తొక్కిన్నే కుట్టు మిషన్?"

నాకూ గుర్తు లేదు. కానీ అమ్మ అంత గట్టిగా చెబుతుంటే, గుర్తు లేకపోవడం మన తప్పే అనిపిస్తుంది. "తొక్కే ఉంటవ్" అన్నాను. ఆయన మీసం సవరించుకున్నాడు. అల్లుడంటే ఇంత విలువ ఉందని తనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు మరి.

విలువ సరే, స్టీరింగు పట్టడం ఎట్లా? అద్దె బండి స్టీరింగు ముట్టనని టెంటులో అందరితో పాటు ప్రమాణం చేసి ఉన్నాడాయె. చంద్రప్ప నన్ను పంపాడు. మధ్యాహ్నం సద్దిడబ్బాతో టెంటుకు పోయి, అందరి ముందూ అడిగేశాను. నిమ్మకాయలు తొక్కిస్తే సమ్మె తప్పినట్టా, కాదా?

ఇంక చూడాలి ఆ గొడవ. ఒకడు నాలుగు గజాలు తోలితే డ్యూటీ కిందకి రాదన్నాడు. ఇంకొకడు ఇంజను ఆన్ చేయకుండా వెనక నుంచి నూకితే పాపం లేదన్నాడు. నిమ్మకాయలనే తీసుకుపోయి టైర్లకేసి కొడితే సరిపోదా అని ఒక పెద్దమనిషి అడిగాడు. చివరకు అందరూ మత్తయి వైపు చూశారు. మత్తయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"సూడు శంకరమ్మా, నిమ్మకాయల మీద నాకు నమ్మకం లేదు. స్టీరింగు మీద ఉన్నది. ఒక్క గజమైనా సరే, స్టీరింగు వట్టినోడు డ్రైవరే. సమ్మె అయ్యేదాంక మొగులప్ప ముట్టద్దు. గంతే."

అట్లా మా అమ్మ ఆచారమూ మత్తయి తీర్పూ రెండు తాళాలై బస్సుకు పడ్డాయి. ఒకటి తీస్తే గానీ ఇంకొకటి రాదు. బస్సు కదలలేదు. పిల్లలు దాంట్లో బడి ఆట ఆడుకున్నారు. అమ్మ ఎల్లప్పను నిచ్చెన మీంచి టాప్ మీదికి ఎక్కించి వడియాలు పెట్టించింది. అంత మంచి ఎండ గల్లీలో ఇంకెక్కడా పడదట. చంద్రప్ప అది చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"అమ్మా, గది బస్సే! కొత్త బస్సు!"

"కొత్తది గనుకనే సాఫ్ ఉన్నది. పాత బస్సు మీద ఎవలన్న వడియాలు వెడ్తరా?"

రెండు రోజులు చూసి డిపో మేనేజరే జీపు వేసుకుని వచ్చాడు. కోస్తా జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చిన పెద్దమనిషి. అందరినీ గారు అనేవాడు.

"రామవ్వగారూ, జనం ఇబ్బంది పడుతున్నారండీ. తాళంచెవి ఇప్పించండి."

మా అమ్మను పుట్టి బుద్ధెరిగాక గారు అన్నవాళ్లు లేరు. వెనక్కి తిరిగి ఇంకెవరన్నా ఉన్నారేమో చూసింది.

"తాళంచెవి యాడికి వోతది సారూ, నా కొంగునే ఉన్నది. అల్లుడు వచ్చి తొక్కియ్యంగనే ఇస్త. నువ్వు మా అల్లున్ని పంపు."

"ఆయన సమ్మెలో ఉన్నాడు కదండీ."

"అయితే సమ్మె తెంపు. నా చేతుల ఉన్నదా తెంపుడు?"

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ఇవన్నీ మూఢనమ్మకాలండీ."

"కావొచ్చు సారూ. రేపు బ్రేకు వడకుంటే మరి నువ్వు జవాబ్దారా? నీ నోటితోని అను, గిప్పుడే ఇస్త."

ఆయన అనలేదు. బస్సు వైపు ఓసారి చూసి, వెళ్లిపోతూ, తెలియకుండానే ముందు అద్దం మీద చెయ్యి వేసి కళ్లకద్దుకున్నాడు. ఆయన జీపు డ్రైవరు నవ్వు ఆపుకోలేక స్టీరింగు మీదికి వంగిపోయాడు.

అసలు తమాషా అప్పుడు మొదలైంది. మా తమ్ముడిలాగే నారాయణఖేడ్‌లో ఇంకో ఇద్దరు అద్దె బస్సులు కొని పెట్టుకున్నారు. మేనేజరు మా ఇంటి ముందు నుంచి ఉత్త చేతులతో తిరిగి పోయాడనీ, బ్రేకు సంగతి వచ్చేసరికి ఆయనే నోరు మెదపలేదనీ ఊరంతా పాకింది. రామవ్వ పెద్ద మనిషి, ఏదీ ఊరికే అనదు, పాటిస్తే పోయేదేముంది, పాటించకుండా ఏమన్నా అయితే ఎవడు అనుభవిస్తాడు అనుకుని, ఆ ఇద్దరూ తమ అల్లుళ్లకు కబురు పెట్టారు. ఒకాయన అల్లుడు పండక్కి సరిగ్గా పిలవలేదని అలిగి బీదర్‌లో ఉన్నాడు. కాళ్లు పట్టుకుంటే గానీ రానన్నాడు. రెండో ఆయనకు కూతుళ్లే లేరు. అన్న కూతురి మొగుడు పనికొస్తాడా అని అడగడానికి ఆయన మా అమ్మ దగ్గరికే వచ్చాడు.

"పనికొస్తడు గని, ఆయన మామ బతికున్నడు గద. ముంగట ఆయన ఒప్పుకోవాలె" అంది అమ్మ, చాటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా.

ఆ అన్నదమ్ములకు పదేళ్లుగా మాటల్లేవు. అట్లా సమ్మె నడుస్తున్నంత కాలం మా డిపో నుంచి ఒక్క అద్దె బస్సు కూడా కదలలేదు. పట్నం నుంచి రోజూ ఫోను వస్తే మేనేజరు తల పట్టుకునేవాడట. "నేనేమని చెప్పనయ్యా? అల్లుళ్లు దొరకలేదని చెప్పనా?" అని తన ఆఫీసులోనే అరిచాడని టెంటులో అందరూ చెప్పుకుని పడీపడీ నవ్వారు.

నవ్వు రానిది చంద్రప్ప ఒక్కడికే. ఒక మధ్యాహ్నం వాడు మా ఇంటి వెనక గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలించుకుని వచ్చినప్పుడు కూడా అక్కడే కూర్చునేవాడు.

"అక్కా, సోమారం దాంక సూసి, నా కాగితం రద్దు జేస్తరట. చెలక పాయె. బస్సు గిట్ల నిలవడె. నేనేం పాపం జేసిన్నే?"

వాడి మొహం చూడలేకపోయాను. సాయంత్రం మా ఆయన టెంటు నుంచి రాగానే అడిగాను.

"ఒక్కపారి స్టీరింగు వడితే ఏంబోతది? వాడు నీకు పరాయోడా?"

"వాడు పరాయోడైతే రెండు తిట్టి ఊకుందును." ఆయన మంచం మీద కూర్చుని అరచేతులు చూసుకున్నాడు. స్టీరింగు పట్టీ పట్టీ కాయలు కాచిన చేతులవి. "నేను వట్టిన అనుకో. రేపు కంగ్టి బండి పోతది. మనం పట్నం పోతం. వాడు బాగుపడ్డా నాకు గోస, నేను నిలవడ్డా వాడికి గోస. నువ్వే చెప్పు, ఏం చెయ్యాలె?"

 అన్నం పెట్టాను. ఆయన తిన్నాడు. 

మర్నాడు పొద్దున ఆయన టెంటుకు పోతూ పోతూ బస్సు నీడలో ఆగాడు. ఎల్లప్ప వడియాలు తిరగేసి కిందికి దిగి బీడీ వెలిగిస్తున్నాడు. ఇన్ని రోజులూ మా ఆయన ఎల్లప్ప వైపు చూడనట్టే చూసేవాడు. ఆ రోజు ఎందుకో పక్కన కూర్చున్నాడు. నేను ఇద్దరికీ చాయ్ తీసుకుపోయాను.

"నైట్‌హాల్ట్ బండి తోల్నీకె వచ్చినవ్ గద. తెల్లారి ఖేడ్‌కు వచ్చినంక ఎప్పుడు పండుకుంటవ్?" అని అడిగాడు మా ఆయన.

"పండుకునుడు ఏడిదన్నా? పొద్దుగాల సిర్గాపూర్ ట్రిప్పు, పగటికి ఇంకో ట్రిప్పు, మల్ల పొద్దుమీకి కంగ్టి."

"ఒక్కనివేనా?"

"హౌదన్నా, ఒక్కన్నే. ఏన్ మాడోదు, ఏం జెయ్యాలె? లారీల సుత గంతే ఉండె. పంచర్ అయిన్నాడే మాకు సెలవు." ఎల్లప్ప తానే నవ్వాడు.

మా ఆయన నవ్వలేదు. ఆయన ఎరిగిన జనమే కదా రేపు ఆ బండిలో కూర్చునేది. పుంటికూర ఇచ్చే ముసలమ్మ, దవాఖానకు వచ్చే బాలింతలు, బడికి వచ్చే పిల్లలు. చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. రెండడుగులు వేసి, మళ్లీ నా దగ్గరకు వచ్చాడు.

"ఏమే, మీ తమ్మునికి చెప్పు. ఎల్లప్పకు తోడు ఇంకొకన్ని పెట్టుమను. వారంల ఒక దినం ఇంటికి తోలుమను." గొంతు తగ్గించాడు. "నేను తిడుతలేనని సుత చెప్పు."

గోడ దాటి పోయి చెప్పాను. చంద్రప్ప మొదట నమ్మలేదు. తర్వాత తల గోక్కున్నాడు.

"నాకు గా సోయి రాలే అక్కా. డిపోల లెక్క జూసి ఒక్కడు సాలన్నరు, సరే అన్న. బావకు చెప్పు, మంచి మాట జెప్పిండని."

ఆ రెండు మాటలు మోయడానికి నాకు బరువే అనిపించలేదు.

ఆ రోజు టెంటులో మా ఆయన లేచి, అద్దె బండ్లు వద్దే వద్దని కాదు, ఉన్న తొవ్వలు మావి మాకుంచి, బస్సు మొహమెరుగని ఊళ్లకు ఆ బండ్లను పంపండి, వాటిని తోలేవాడికి కూడా మాలాగే నిద్రా సెలవూ ఉండాలి అన్నాడట. మా ఆయన మీటింగులో మాట్లాడటం అదే మొదలు.  మత్తయి ఆ మాటను పట్టుకుని మేనేజరు దగ్గరికి పోయాడు. మేనేజరుకు కూడా ఏదో ఒక దారి కావాలి. అల్లుళ్ల బాధ నుంచి బయటపడితే చాలనుకుంటున్నాడు. పట్నానికి ఫోన్లు వెళ్లాయి, పట్నం నుంచి ఫోన్లు వచ్చాయి. సోమవారం వచ్చింది, పోయింది. రద్దు చేసి ఇంకొకరికి ఇద్దామన్నా, తీసుకునేవాడికీ ఒక అల్లుడు కావాలి కదా.

తొలకరి జల్లు పడ్డ మర్నాడు సమ్మె తెగింది. మా డిపో మట్టుకు పాత తొవ్వలు పాత డ్రైవర్లకే ఉండేట్టు, అద్దె బస్సులు కొత్త తొవ్వల్లో తిరిగేట్టు, వాటి డ్రైవర్లకూ వారానికో సెలవు ఉండేట్టు ఒప్పుకున్నారు. చంద్రప్ప బస్సుకు సిర్గాపూర్ లోపలి ఊళ్లు వచ్చాయి. అప్పటిదాకా అక్కడివాళ్లు బస్సెక్కాలంటే మూడు కోసులు నడవాలి.

ఇక నిమ్మకాయలు. మా ఆయన సెలవు నాడు పొద్దున్నే స్నానం చేసి, పెళ్లినాటి జరీ అంచు ధోవతి కట్టుకుని వచ్చాడు. ఖాకీ వేసుకోవద్దని మత్తయి ముందే చెప్పాడు, డ్యూటీ అనుకుంటారని. మత్తయి కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు. అమ్మ నాలుగు నిమ్మకాయలు పెట్టింది.

"అవ్వా, బస్సుకు ఆరు టైర్లు. యనక జోడు టైర్లు ఉంటయ్" అన్నాడు ఎల్లప్ప.

 ఇంట్లో ఉన్నవి నాలుగే. మత్తయి ఇంటి పెరట్లో నిమ్మచెట్టు ఉంది. తానే పోయి రెండు కోసుకొచ్చి అమ్మ చేతిలో పెట్టాడు.

"నాకు నమ్మకం లేదు. లెక్క తక్కువ గావద్దని తెచ్చిన" అన్నాడు.

ఇంటి ఆడబిడ్డను కాబట్టి నేను హారతి ఇచ్చాను. అమ్మ కొంగు ముడి విప్పబోతే రాలేదు. ఇన్ని రోజులకు గట్టిపడిపోయింది. పళ్లతో పట్టి లాగి విప్పి, తాళంచెవి అల్లుడి చేతిలో పెట్టింది. మా ఆయన ఎక్కి కూర్చుని, స్టీరింగుకు దండం పెట్టి, ఇంజను ఆన్ చేశాడు. ఆరు నిమ్మకాయలూ చప్పుడు కాకుండా నలిగాయి. అక్కడితో దిగాల్సినవాడు దిగలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, నా వైపు కాదు, నా పక్కన నిలబడ్డవాడి వైపు చూశాడు.

"బామ్మర్దీ, క్లచ్చి జెర గట్టిగున్నది. మిస్త్రికి సూపియ్యి."

చంద్రప్ప కళ్లు తుడుచుకున్నాడు. "సూపిస్త బావా."

అంతే. ఆ ఎండాకాలం మా డిపోలో ఎవరి ఉద్యోగమూ పోలేదు, నాది తప్ప. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఏడుస్తూ నవ్వుతుంటే, హారతి పళ్లెం వంకరపోతోందని అమ్మ కసిరింది.

అందరం ఎక్కాం. ముందు బోరంచ పోయి నల్లపోచమ్మకు కొబ్బరికాయ కొట్టి, అటు నుంచి సిర్గాపూర్ తొవ్వ పట్టాం. బోరంచ దాకా మా ఆయన తోలాడు, అక్కడి నుంచి ఎల్లప్ప. బస్సు మా చెలక పక్క నుంచే పోతుంది. కొన్నవాళ్లు దున్ని పెట్టారు. అమ్మ కిటికీ పక్కన కూర్చుని తల తిప్పి, కనుమరుగయ్యేదాకా చూసింది. చంద్రప్ప కూడా చూశాడు. "దినాం సూడొచ్చు తీ" అంది అమ్మ, వాడి మోకాలి మీద చెయ్యి వేసి.

ఆ వానాకాలంలోనే మత్తయి ఒక మోపెడ్ కొన్నాడు. పాదిరి వచ్చి ప్రార్థన చేశాడు. అందరం ఆమెన్ అన్నాం. ఇక కిక్కు కొడతాడనుకుంటే మత్తయి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఏందన్నా, ఎవల కోసం?" అని అడిగాడు మా ఆయన.

"మా అల్లుడు జహీరాబాద్‌ల బస్సెక్కిండు. వస్తుండు." మత్తయి మా వైపు చూడకుండా కళ్లజోడు తుడుచుకున్నాడు. "నిమ్మకాయలు వద్దు గని, అల్లుడు ఉంటే మంచిదని మా ఇంటామె అంటున్నది."

ఆ అల్లుడు వచ్చేలోపు ఇంటికి పోయి వద్దామని వస్తుంటే, దారిలో అమ్మను పట్టుకున్నాను. ఇన్నాళ్లూ నా నోట్లో నానుతున్న మాట అది.

"అమ్మా, నిజం చెప్పు. మన ఇంట్ల కుట్టు మిషన్ తెచ్చిన్నాటికి నాకు పెండ్లే కాలేదు గదనే. అల్లుడు యాడికెల్లి వచ్చిండు?"

అమ్మ నడక ఆపలేదు.

"ఆనాడు బండి బయటికి వోతే ఎవడో ఒకడు రాయేస్తుండె. నీ మొగుడు గా టెంట్లనే ఉంటుండె. అటెన్క మన రెండిండ్ల నడుమ గోడ ఒక్కటి సాలుతుండెనా? బండిని ఎట్ల ఆపాల్నో నాకేం ఎరుక బిడ్డా. బ్రేకు యాడుంటదో సుత తెల్వది. అల్లుడున్నడు గదా అని, అల్లున్నే అడ్డం వెట్టిన."

నేను రోడ్డు మీదే నిలబడిపోయాను. అమ్మ నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగింది.

"ఎవలికీ చెప్పకు. మత్తయి అల్లుడు జహీరాబాద్ నుంచి వస్తుండు పాపం."